నాగలింగప్ప అయ్యవారు ఆడనివ్వని చావు

మా ముత్తాత పెద్ద తిమ్మప్పనాయుడు గుండాలవంక కోటకు, దాని చుట్టూ ఉన్న పల్లెలకు అధిపతి. కప్పం కట్టించుకున్నవాడే గాని ఒకరికి కట్టి ఎరగడు. ఆయన కొడుకు, మా తాత రాయప్పనాయుడు, సంస్కృతాంధ్రాలు రెండూ గురుముఖంగా చదివినవాడు. కోట పోయినా చావడిని నిలబెట్టి, ఆ చావడిలో కూర్చునే ‘హేమవల్లి’ అనే పద్యనాటకం రచించాడు. ఉరవకొండ మొదలు రాయదుర్గం వరకు ఆ నాటకం ఆడని పల్లె ఉండేది కాదు. మా నాయన చెన్నప్పనాయుడి కాలానికి మాన్యాలు పోయినాయి, మర్యాద మిగిలింది. నా కాలానికి ఒక తోట, ఆ నాటకం మీద మా ఇంటికున్న ఒకే ఒక హక్కు మిగిలాయి. గొప్పకు ఈ మాటలు రాయడం లేదు. నాగలింగప్ప అయ్యవారిని ఎరగనివారికి ఆయన్ను చూపించాలంటే, ముందు ఆయన ఎవరి గడప ముందు హార్మోనియం దించారో చెప్పక తప్పదు.

పోయిన నెల ఒక ఉదయం ఉరవకొండ బస్సు ఊళ్లో ఆగింది. కండక్టరు దిగకుండానే కేకేశాడు.

“నాయుడన్నా, మీ హార్మణి అయ్యవారు పోయినాడంట! రూములోనే. పాలాయన తలుపు కొట్టి కొట్టి అలిసిపోయినాడంట.”

బస్సు కదిలిపోయింది. ఎర్రటి దుమ్ములో నేను నిలబడిపోయాను. ఇంత ఆప్తుడు పోయినాడన్న కబురు వింటే ముందుగా దుఃఖం రావాలి. నాకు ముందుగా వచ్చింది భయం. ‘అయితే వచ్చేసిందన్నమాట’ అనుకున్నాను. ఏది వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

అయ్యవారిది రాయదుర్గం దగ్గర ఒక పల్లె. ఇంట్లో కన్నడం, హార్మోనియం మీద తెలుగు. నొసట విభూతి, మెడలో లింగకాయ, భుజాన ఒక తువ్వాలు. ఇంతకు మించి ఆయనకు ఆస్తి లేదు. ఏ ఊరివాళ్లు నాటకం కట్టుకోవాలన్నా ఆయన్ను పిలిపించుకునేవారు. కోతలైపోయాక వచ్చి, నెలల తరబడి ఊళ్లోనే ఉండి, అక్షరం రాని సేద్యగాళ్ల చేత కూడా పద్యాలు వల్లె వేయించేవారు. బస్సు దిగితే హార్మోనియం పెట్టె తానే నెత్తిన పెట్టుకునేవారు. ఎవరైనా అందుకోబోతే, “నా సావు మీరు మోద్దురు గాని, నా పెట్టె నన్ను మొయ్యనీండప్పా” అనేవారు. తాతగారు రాసిన ఒక్క పదాన్ని కూడా ఆయన ఎన్నడూ మార్చనివ్వలేదు. నాయకుడి వేషగాడు ఒకసారి గుక్క తిప్పుకోలేక ఒక పాదం మింగేస్తే, అందరి ముందే వాయిద్యం వాయిస్తూ ఆ పాదాన్ని తానే పాడి పూర్తి చేశారు. తర్వాత వాడితో ఒక్క మాటా అనలేదు. ఆ మౌనానికి వాడు ఏడ్చినంత పని చేశాడు.

‘హేమవల్లి’ కథ చెప్పుకోవడానికి చిన్నది. కోటదొర కూతురు హేమవల్లి, పగవాడి కొడుకు జయపాలుడు ఒకరినొకరు కోరుకుంటారు. వీళ్లిద్దరూ ఒక ఇంట దీపం పెట్టరని మొదటి రంగంలోనే జోస్యుడు చెబుతాడు. ఆ మాట తప్పించడానికి ఎవరెవరు ఏ పని చేసినా, ఆ పనే వాళ్లను ఇంకొంచెం మృత్యువు దగ్గరికి చేరుస్తుంది. చివరికి కోటవాకిట్లో ఒకే గిన్నెలోని విషం ఇద్దరూ పంచుకుంటారు. రాత్రంతా ఆడే నాటకం కనుక ఆ రంగం వచ్చేసరికి తూర్పు తెల్లబడేది. దాన్ని అయ్యవారు ఎన్నిసార్లు ఆడించారో, అన్నిసార్లూ ఆయన ముఖంలో రక్తం ఉండేది కాదు. ఒకసారి అడిగాను, ఇన్నేళ్ల తర్వాత కూడా భయమేనా అని.

“విధి అంటే జోస్యుని వేషం అనుకుంటారు అందరూ. కాదప్పా. దానికి వేషం లేదు, పద్యం లేదు. తెర ఎనకాల నిలబడి ఊరికే వింటాంటాది. అది వింటాండాదని తెలిసినోడే ఈ నాటకం ఆడాల.”

మా ఇంటి హక్కు అన్నది ఇక్కడే వస్తుంది. హేమవల్లి, జయపాలుడు వేషగాళ్లు రంగస్థలం మీద చచ్చిపడ్డాక వాళ్లంతట వాళ్లు లేవకూడదు. మా ఇంటి పెద్ద పైకి వెళ్లి, పసుపునీళ్లు చల్లి, వాళ్లను సొంత పేర్లతో, ఎవరి బిడ్డలో చెప్పి పిలిచి లేపాలి. అప్పుడే వేషం మీద పడిన చావు వేషంతోనే పోతుంది. దీన్ని మా వైపు లేపడం అంటారు. ఏ పేరుతో లేపితే ఆ పేరుతోనే ఆ మనిషి బతకాలి; అలా లేచిన మనిషి మీద చెయ్యి వేసినవాడి ఇంట చావు దిగుతుంది. ఇది ఊరి నమ్మకం. మా తాత కాలంలో ఒక ఏడు ఆయన ప్రయాణంలో ఉండి రాలేకపోయాడు. నవ్వుకుంటూ తనంతట తాను లేచిన హేమవల్లి వేషగాడు, మీసాలు గొరిగించుకున్న ఒక కుర్రవాడు, మళ్లీ పంట చేతికి రాకముందే బావిలో తేలాడు. ఆ తర్వాత లేపకుండా నాటకం ముగించే ధైర్యం ఎవరికీ రాలేదు.

భయం నేర్పడానికి అయ్యవారికి ఒక పద్ధతి ఉండేది. చావు పద్యం కంఠస్థమైనాక వేషగాళ్లను మా తోటలోని ఎండిన దిగుడుబావి దగ్గరికి తీసుకుపోయేవారు. గట్టు మీద బోర్లా పడుకోబెట్టి, తల లోపలికి వంచి పాడించేవారు. నీళ్లు లేని ఆ లోతులోంచి వాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వచ్చేది. “నీ గొంతు నీకే పరాయోళ్ల గొంతు మాదిరి వినపడతాది సూడు, ఆడ గుండె జల్లుమంటాది. దాన్ని పట్టుకో. తెల్లారి అదే పలకాల” అనేవారు. ఎంత మొండివాడైనా ఆ గట్టు మీదినుంచి చెమటలు పట్టి లేచేవాడు. నేను చూశాను.

డెబ్బైల నడుమ వరుసగా వానలు పోయిన కాలంలో, మా ఊరివాళ్లు మళ్లీ ‘హేమవల్లి’ కట్టుకున్నారు. జయపాలుడి వేషం గొర్రెల మల్లప్ప కొడుకు ఓబులేసుది. హేమవల్లి వేషానికి రాయదుర్గం నుంచి సరళను పిలిపించారు. ఆమె తల్లి రంగమ్మ కూడా పేరున్న నాటకాల మనిషే. మొదట్లో మా చావడి నవ్వులతో నిండిపోయేది. ఓబులేసు గొంతు ఎత్తితే అయ్యవారు హార్మోనియం ఆపేసేవారు.

“ఏమప్పా, రాజకుమారిని పిలుస్తాండావా, తప్పిపోయిన గొర్రెను పిలుస్తాండావా? ఆ యమ్మ మేత మేసేకి రాలేదు.”

సరళ తల వంచుకునే అనేది: “గొర్రెలు నయం అయ్యవారూ. పిలిస్తే వస్తాయి. నేను రాను.”

“రాకపోతే నేనే వస్తాలే” అన్నాడు ఓబులేసు ఒకనాడు. అందరూ నవ్వారు. అయ్యవారు నవ్వలేదు. ఆ మాట పద్యంలో లేదు.

వాళ్లిద్దరి సంగతి ఊరికి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒక సాయంకాలం మల్లప్ప గొడ్డలి భుజాన వేసుకుని నేరుగా చావడిలోకి వచ్చాడు. నాతోనే మాట్లాడాడు గాని, వినాల్సినవాళ్లు వినేటట్టు మాట్లాడాడు.

“నాయుడూ, మీ ఇంటి నాటకం గాబట్టి నోరు మూసుకుంటాండా. నాటకం దాకా చూస్తా. తెల్లారినాక కూడా ఈ నాటకాల పిల్ల మావాని పక్కన కనపడిందా, ఇద్దర్నీ ఒక చోటనే నరుకుతా. నా కొడుకని చూడను. ముగ్గురు కొడుకులుండారు నాకు.”

మల్లప్ప అన్న మాట చేసే మనిషి. ఒకసారి తోడేలును ఒట్టి చేతులతో గొంతు పిసికి చంపినవాడు. సరళ కళ్లెత్తలేదు. ఓబులేసు మాత్రం తండ్రి వెళ్లినవైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాతే అయ్యవారు వాళ్లను బావి దగ్గరికి తీసుకుపోయారు. ఇద్దరూ గట్టు మీద పడుకుని పాడారు. అంత చక్కగా ఆ పద్యం నేను ఎన్నడూ వినలేదు. ఒక్క స్వరం జారలేదు. లోపలి నుంచి తిరిగి వచ్చిన గొంతును వాళ్లు నింపాదిగా విన్నారు, లేచారు, దుమ్ము దులుపుకున్నారు. ఓబులేసు ఆమెకు చెప్పులు అందించాడు. అయ్యవారు మాత్రం గట్టు మీదే కూలబడ్డారు. వాళ్లు కనుచూపు దాటేదాకా ఆగి నా చెయ్యి పట్టుకున్నారు.

“విన్యావా నాయుడూ? భయం లేదు. ఇద్దరి గొంతులోనూ లేదు.”

“బాగా నేర్చుకున్నారు, అంతే గదా” అన్నాను.

“బాగా నేర్చినోడు ఇంకా ఎక్కువ భయపడతాడప్పా. చావంటే భయం యాడ పోతాదో తెలుసునా? పోవాలని తీర్మానం చేసుకున్నోనికాడ పోతాది. వీళ్లు చేసుకున్నారు. గిన్నెలో బెల్లం నీళ్లు ఉండవు ఆ పొద్దు.”

నాటకం ఆపేద్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

“ఆపితే ఈ బావే చాలు వాళ్లకి. ఆడితే కండ్ల ముందరుంటారు. దాపెట్టి పంపిస్తే మల్లప్ప యాడున్నా ఎతుకుతాడు.” బావిలోకి వంగి చూశారు. “నేను ఈ నాటకం ఎందరికో నేర్పినా. ఎవర్నీ సంపలేదు. ఇప్పుడు నా చేతులారా సంపుతానేమో అని భయమైతాండాది.”

నాటకం నాడు ఊరు ఊరంతా వచ్చింది. చుట్టుపక్కల పల్లెల బండ్లు కూడా వచ్చాయి. నేను ముందు వరసలో, మా వాళ్లు కూర్చునే చోటే కూర్చున్నాను. మల్లప్ప కూర్చోలేదు. రంగస్థలానికి ఎడమవైపు గుంజను ఆనుకుని, గొడ్డలితో నిలబడ్డాడు. అయ్యవారు గిన్నె కడిగి, తానే బెల్లం నీళ్లు పోసి, మూతపెట్టి, హార్మోనియం పక్కనే ఉంచుకున్నారు. ఆ రంగం వచ్చేదాకా ఆయన చూపు దాన్ని వదలలేదు.

తూర్పు తెల్లబడింది. హేమవల్లి వచ్చి గిన్నె అందుకుంది. కోటవాకిలి తెర చాటుకు వెళ్లి, మళ్లీ వచ్చింది. నాటకంలో అలా ఉంది, ఆమె తప్పు చేయలేదు. కానీ తిరిగి వచ్చినప్పుడు వాసన కూడా వచ్చింది. శనక్కాయ చేనికి పురుగుమందు కొట్టిన ఏ సేద్యగాడైనా గుర్తుపట్టే వాసన, ఎండ్రిన్. ముందు వరసలో నాకే సోకింది. ఊరు నిద్ర కళ్లతో పద్యం వింటోంది. జయపాలుడు ఆమె ఎదుట మోకరిల్లాడు. ఆమె పాడుతూ గిన్నె ఎత్తింది.

హార్మోనియం ఆగిపోయింది.

ఆ శబ్దం లేకపోవడం ఒక కేకలాగా వినిపించింది. అయ్యవారు లేచారు. పద్యం మధ్యలో వాయిద్యం వదిలి లేవడం ఆయన జీవితంలో అదొక్కసారే. రంగస్థలం ఎక్కి, ఆమె చేతిలోని గిన్నెను రెండు చేతులతో పట్టుకున్నారు. ఆమె వదల్లేదు. ఆయన ఆమెతో ఏదో అన్నారు; అది వాళ్ల ముగ్గురికే తెలుసు. గిన్నె ఆయన చేతికి వచ్చింది. అప్పుడు జనం వైపు తిరిగి నన్ను పిలిచారు.

“నాయుడూ, రా. లేపు.”

నేను పసుపునీళ్ల చెంబుతో పైకి వెళ్లాను. “ఇంకా చచ్చిపడలేదు గదా అయ్యవారూ” అన్నాను.

“చచ్చినారప్పా. ఈ పొద్దు గాదు, ఎప్పుడో చచ్చినారు. లేపు.” తర్వాత నా చెవి దగ్గరికి వంగి అన్నారు: “ఆ పిల్లను కోడలని పిలువు.”

ఆయన ఏమి అడుగుతున్నారో నాకు అర్థమైంది. ఏ పేరుతో లేపితే ఆ పేరుతోనే బతకాలి. ఆ పిలుపు మా వంశంలో ఎన్నడూ అబద్ధం కాలేదు, ఎవరి కోసమూ మారలేదు. ఎడమవైపు గుంజ దగ్గర మల్లప్ప గొడ్డలి భుజం మీదినుంచి చేతిలోకి దిగింది. నాకూ అతనికీ మధ్య నాలుగు అంగలు. మా వాళ్లు ఆ రంగస్థలం మీద ఎప్పుడూ తల వంచి నిలబడలేదు. నేనూ వంచలేదు. ఇద్దరి మీదా నీళ్లు చల్లి, నాకు చేతనైనంత గట్టిగా పిలిచాను.

“గొర్రెల మల్లప్ప కొడుకు ఓబులేసూ, లెయ్! గొర్రెల మల్లప్ప కోడలు సరళా, లెయ్!”

ఎవరో ఆడమనిషి, “అయ్యో, అనేసినాడే” అన్నది. మల్లప్ప ఒక అడుగు ముందుకేశాడు. వెనకనుంచి అతని భార్య పరుగెత్తుకొచ్చి అతన్ని దాటి రంగస్థలం ఎక్కేసింది. ఆమెకు కోడలు కావాలని కాదు, కొడుకు మీద చావు నిలబడిపోతుందని.

“లెయ్యే, లెయ్! లేపినాక మోకాళ్ల మీద ఉండగూడదు. ఒరే, నువ్వూ లెయ్‌రా!” అంటూ ఇద్దరినీ చెరో చేత్తో లాగింది.

మల్లప్ప గొడ్డలి నేలకేసి కొట్టాడు. “ఎంత పని చేస్తివి నాయుడూ. నా నోరు, నా చెయ్యి రెండూ కట్టేస్తివి” అని అక్కడే కూర్చున్నాడు. అలా లేచినవాళ్ల మీద చెయ్యి వేసే ధైర్యం అతనికి లేదు. మా ప్రాంతంలో ఎవరికీ లేదు.

అయ్యవారు ఆ గిన్నె ఎవరికీ ఇవ్వలేదు. ఒక్క చుక్క తొణక్కుండా పొలిమేర దాకా తానే మోసుకుపోయి, చేతులతో గుంత తవ్వి, గిన్నెతో సహా పూడ్చి, పైన బండ పెట్టారు. తిరిగి వస్తూ నాతో అన్న మాట ఆ తర్వాత ఆయన బతుకంతా నడిపింది.

“పిల్లోళ్లు దక్కినారు. సరే. ఆడాల్సిన చావు ఆడలేదు గదప్పా. ఆడని చావు యాడికి పోతాది?”

ఓబులేసు, సరళ రాయదుర్గం చేరి ప్యాంట్లు కుట్టే పనిలో కుదురుకున్నారు. ఇక్కడ ఊరికి అదే ప్రశ్న పట్టుకుంది. ఆ ఏడూ వాన రాలేదు. మరుసటేడు ఒక బాలింత పోయింది. ఇంకో ఏడు కళ్లంలో పాము కరిచి ఒక పిల్లవాడు పోయినాడు. ప్రతి చావుకూ ఎవరో ఒకరు, “ఇది ఆడని చావే, ఊరి మింద తిరుగుతాండాది” అన్నారు. ఒక పల్లె తర్వాత ఒక పల్లె అయ్యవారిని పిలవడం మానేసింది. ఎదురుపడితే ఆడవాళ్లు బిడ్డల్ని కొంగు చాటుకు లాక్కునేవారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. వాదించడానికి ఆయనకే నమ్మకం చాల్లేదు. ఉరవకొండ బస్టాండు వెనక ఒక రూములో ఉంటూ, ఇద్దరు ముగ్గురికి హార్మోనియం చెప్పుకుంటూ బతికారు.

నేను వెళ్లినప్పుడల్లా కూర్చోమని కూడా అనకముందే, “పిల్లోళ్లు బాగుండారా?” అనేవారు. ఆయనకు చెప్పడం కోసమే నేను రాయదుర్గం పోయి వాళ్లను చూసి వచ్చేవాడిని. బాగున్నారంటే ఊపిరి వదిలేవారు. ఎన్నో ఏళ్లకు వాళ్లకు కూతురు పుట్టిందని చెప్పిన రోజు ఆయన సంతోషించలేదు. లేచి వాకిలి మూసివచ్చారు. పాపను తెచ్చి చూపిస్తామంటున్నారని చెబితే చేతులు అడ్డం పెట్టారు.

“వద్దు. ఈడికి తీసుకరావద్దు. నేనూ పోను. నేను యాడ పోతే ఆడికి నా ఎనకాలే వస్తాది అది. దానికి వాళ్ల ఇల్లు చూపించొద్దు.”

“అది మీ వెంట ఎందుకుంటుంది అయ్యవారూ?”

“నేనే రమ్మన్యా. ఆ పొద్దు గిన్నె పూడ్చేటప్పుడు చెప్పినా. వాళ్ల జోలికి పోవద్దు, ఊరి జోలికి పోవద్దు, నాకాడికి రా అని. వింటాదో వినదో తెలీదు. అందుకే ఎవరు పోయినారన్నా గుండె ఆగిపోతాది నాకు.”

చదువుకున్నవాళ్లు దీన్ని వెర్రి అనవచ్చు. నేను అనలేను. ఒక మనిషి ఇద్దరు పరాయి బిడ్డల మృత్యువును తన మీదికి పిలుచుకుని, అది వచ్చేదాకా వాకిలి మూసుకుని ఒంటరిగా కాచుకున్నాడు. ఆయన నమ్మింది నిజమా కాదా అన్నది నాకు తెలియదు. కాచుకున్నది మాత్రం నిజం.

ఆయన దేహాన్ని ఉరవకొండ నుంచి లారీలో తీసుకువచ్చాం. మా ఊరి పొలిమేరలో జనం అడ్డం నిలబడ్డారు. నా ఈడువాళ్లే, ఆయన దగ్గర పద్యాలు నేర్చినవాళ్లే.

“నాయుడన్నా, తప్పుగా అనుకోవద్దు. ఆ చావు ఇన్నాళ్లకు ఈయన మింద దిగినాది. ఈయన్ని ఊర్లో పెడితే మళ్లా లేస్తాది. బిడ్డలు గలవాళ్లం.”

వాళ్ల కళ్లలో ఉన్నది ద్వేషం కాదు, భయం. అది నాలోనూ ఉంది. మా తోట పొలిమేరకు అవతల ఉంది. అక్కడికి తీసుకుపొమ్మని లారీవాడికి చెప్పాను. ఓబులేసు, సరళ అప్పటికే అక్కడికి వచ్చి ఉన్నారు, పాపను వెంటబెట్టుకుని. ఆయన వద్దన్న పని అదొక్కటే వాళ్లు చేశారు. పాప ఆయన పాదాలు ముట్టుకుంటుంటే సరళ గబుక్కున వెనక్కి లాగబోయి, ఆగి, ముట్టుకోనిచ్చింది. గుంత తవ్వడానికి మనుషులు దొరకలేదు. కాసేపటికి మల్లప్ప పార తీసుకుని వచ్చాడు. ముసలివాడైనాడు. కొడుకుతో, కోడలితో మాట్లాడలేదు. ఒక్కడే తవ్వాడు. లింగం కట్టినవాళ్ల ఆచారం ప్రకారం అయ్యవారిని గుంతలో కూర్చోబెట్టి మన్ను కప్పాక, పార భుజాన వేసుకుని వచ్చినదారినే వెళ్లిపోయాడు.

‘హేమవల్లి’ ఇక ఎవరూ ఆడరు. ఆ పద్యాలు పూర్తిగా వచ్చినవాడు ఆయనొక్కడే. విధి ముందు వణుకుతూనే దాని చేతిలోంచి గిన్నె లాక్కున్న మనిషి నాకు తెలిసి మరొకడు లేడు, నా తర్వాతివాళ్లకు దొరకడు. ఆయనకు నేను నమస్కరిస్తున్నాను. మా ఇంటివాళ్లం ఎవరికైనా చేతులు జోడించి రాసింది ఇదే మొదటిసారి.

రాయదుర్గం నుంచి వారానికొక కబురు తెప్పించుకుంటున్నాను. ముగ్గురూ బాగున్నారు.

తోటను పోయిన శుక్రవారం ఉరవకొండ శనక్కాయల వ్యాపారికి రిజిస్టరు చేసి ఇచ్చాను. అయ్యవారు కూర్చున్న మూల తనకు వద్దని కొన్నవాడే అన్నాడు, అది అమ్మలేదు.